క్లారెండన్: పుస్తకంలోకి వచ్చిన బోల్డ్ అక్షరం

క్లారెండన్ 1845లో లండన్‌లో పుట్టిన ఒక లావుపాటి సెరిఫ్ టైపు; రోమన్ అక్షరాల గీతల కొసల్లో ఉండే చిన్న అడ్డగీతను సెరిఫ్ అంటారు. దీన్ని అమ్మకానికి పెట్టింది ఫాన్ స్ట్రీట్ టైపు ఫౌండ్రీ. అందులో భాగస్వామి అయిన రాబర్ట్ బెస్లీ దీన్ని నమోదు చేయించాడు; ఉక్కు పంచ్‌ల మీద అక్షరాలు చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. అంతకుముందు కూడా లావు అక్షరాలు ఉన్నాయి. అయితే అవి గోడకు అంటించే పోస్టర్ల కోసం, వీధుల్లో పంచే కరపత్రాల కోసం తయారైనవి. మామూలు పుస్తకపు టైపు పక్కన అదే సైజులో, అదే వరసలో ఇమిడిపోయి, కావలసిన ఒక్క మాటను పైకి తేల్చి చూపించడానికి తయారైన మొదటి బోల్డ్ అక్షరంగా అచ్చు చరిత్రకారులు క్లారెండన్‌ను లెక్కిస్తారు. ఇవాళ కంప్యూటర్లో బోల్డ్ బొత్తాం నొక్కి ఒక మాటను లావు చేసే ప్రతివారూ ఆ ఫౌండ్రీ మొదలుపెట్టిన పద్ధతినే వాడుతున్నారు.

ఆ తర్వాత ఈ టైపు నిఘంటువుల్లోకి వెళ్లింది, అమెరికాలో చెక్క మీదికి ఎక్కి సర్కస్ పోస్టర్లయింది, దినపత్రికల టైపుకు నమూనా అయింది, అడవుల్లో దారి చూపే బోర్డుల మీద నిలిచింది. ఇన్నిచోట్ల పనికొచ్చినా దాని అసలు బలం మొదటి పనిలోనే ఉంది. పక్కన తేలికపాటి అక్షరం ఉన్నప్పుడే క్లారెండన్ నలుపుకు అర్థం వస్తుంది. ఈ సంగతి దాని పుట్టుక నుంచి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

బోల్డ్ రాకముందు

యూరప్‌లో అచ్చు మొదలైన తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్లపాటు పుస్తకాల్లో బోల్డ్ అనే విడి టైపు లేదు. ఒక మాటను ప్రత్యేకంగా చూపించాలంటే వాలు అక్షరాలు వాడేవారు, లేదా పెద్ద అక్షరాలనే చిన్న సైజులో పేర్చేవారు. జర్మన్ ముద్రాపకులు ఆ మాటలోని అక్షరాల మధ్య ఎడం పెంచేవారు. ఇంగ్లండులో పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పాత గోథిక్ లిపి అక్షరాలను తెచ్చి రోమన్ అక్షరాల మధ్య పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. గోథిక్ అక్షరం సహజంగానే నల్లగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనుతుంది. కానీ దాని పోకడ వేరు, గీసిన తీరు వేరు. వాక్యం నడుమ ఆ మాట దగ్గర చదువు తట్టుకుని ఆగిపోతుంది.

వాలు అక్షరానికి ఉన్న ఇబ్బంది ఇంకొకటి. చదువుతూ వెళ్లేవారికి అది చక్కగా తెలుస్తుంది, ఆ మాటను ఒత్తి పలకాలని చెబుతుంది. అయితే పేజీని చేతిపొడుగు దూరంలో పెట్టుకుని ఒక మాట కోసం వెతికేవారికి అది కనిపించదు. చుట్టూ ఉన్న అక్షరాల నలుపులో కలిసిపోతుంది. చదవడం ఒక పని, వెతకడం ఇంకొక పని. నిఘంటువులు, రైలు వేళల పట్టికలు, ధరల జాబితాలు, పాఠ్యపుస్తకాలు లెక్కకు మించి అచ్చవుతున్న రోజుల్లో రెండో పనికి తగిన అక్షరం కావలసి వచ్చింది.

లావు అక్షరాలు చెయ్యడం ఫౌండ్రీలకు అప్పటికే తెలుసు. లాటరీ టిక్కెట్లు, నాటకాలు, గుర్రపు బండ్ల ప్రయాణాలు, వేలంపాటలు, అన్నిటికీ ప్రకటనలు పెరిగాయి. ఆ శతాబ్దం తొలి సంవత్సరాల్లో రాబర్ట్ థోర్న్ ఫ్యాట్ ఫేస్ అనే రకాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అందులో నిలువు గీతలు విపరీతంగా లావు, అడ్డ గీతలూ సెరిఫ్‌లూ మాత్రం వెంట్రుకంత సన్నం. పెద్ద సైజులో గోడ మీద అది మెరిసిపోతుంది. అదే అక్షరాన్ని పుస్తకం సైజుకు కుదిస్తే సన్న గీతలు అచ్చులో మాయమై, నిలువు గీతలు నల్లటి కడ్డీల్లా మిగులుతాయి. 1815 తర్వాత విన్సెంట్ ఫిగ్గిన్స్ ఫౌండ్రీ చూపించిన యాంటిక్ దీనికి ఎదురు కొస. అక్కడ గీతలన్నీ దాదాపు ఒకే లావు. సెరిఫ్‌లు గడపచెక్కల్లా మందంగా, నిలువు గీతకు సరిగ్గా లంబకోణంలో ఉంటాయి. బలమైన అక్షరమే. కానీ మామూలు రోమన్ పుస్తకపు టైపుతో దానికి చుట్టరికం లేదు, పక్కన పెడితే ఇద్దరు అపరిచితులను ఒకే బల్ల మీద కూర్చోబెట్టినట్టుంటుంది.

ఫాన్ స్ట్రీట్

థోర్న్ 1820లో చనిపోయాక అతని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీని విలియం థోరోగుడ్ కొన్నాడు. లాటరీలో గెలిచిన డబ్బుతో కొన్నాడని చెబుతారు. అతనికి అచ్చు పనిలో అనుభవం లేదు, కానీ వ్యాపారం తెలుసు. బెస్లీ అక్కడికి అమ్మకాల మనిషిగా వచ్చి, ఊరూరా తిరిగి టైపు అమ్మి, 1838లో భాగస్వామి అయ్యాడు. ముద్రాపకులకు ఏది కావాలో వాళ్ల ప్రెస్సుల్లోనే నిలబడి విన్నవాడు కావడం క్లారెండన్ పుట్టుకకు చాలా ముఖ్యమని నా అభిప్రాయం. ఈ టైపులో అలంకారం కోసం చేసింది ఏమీ లేదు. ప్రతి గీతా ఒక అవసరానికి జవాబుగా కనిపిస్తుంది.

బ్రిటన్‌లో 1842లో అలంకార నమూనాల చట్టం వచ్చింది. దాని కింద నమోదైన తొలి టైపు నమూనాల్లో క్లారెండన్ ఒకటి. రక్షణ మూడేళ్లు మాత్రమే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలన్నీ తమ తమ క్లారెండన్‌లు పోతపోసి అమ్మాయి. బెస్లీ ఆ అనుకరణల మీద బాహాటంగానే మండిపడ్డాడు. అయినా ఆ అనుకరణల వల్లే క్లారెండన్ ఒక సంస్థ సరుకుగా మిగిలిపోకుండా, ఒక మొత్తం జాతి పేరుగా మారింది. లండన్‌లోనే క్యాస్లన్ ఫౌండ్రీ వాళ్ల అయానిక్ కూడా అదే కాలంలో, ఇంచుమించు ఇవే పోలికలతో వచ్చింది. అందువల్ల ఈ రూపమంతా ఒక్క మనిషి బుర్రలోంచి ఊడిపడిందని చెప్పడం సరికాదు. పుస్తకపు టైపుకు జోడీగా నిలిపి, ఆ పనికే అమ్మిన ఘనత మాత్రం ఫాన్ స్ట్రీట్‌దే.

బెస్లీ 1861లో వ్యాపారం నుంచి తప్పుకుని, 1869లో లండన్ నగర లార్డ్ మేయర్ అయ్యాడు. ఫౌండ్రీ సరంజామా 1906లో షెఫీల్డ్‌లోని స్టీఫెన్సన్ బ్లేక్ సంస్థకు చేరింది. టైపు పేరు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు క్లారెండన్ ప్రెస్సును తలపిస్తుంది. అక్కడి నుంచే తీసుకున్నారని సాధారణంగా చెబుతారు.

అక్షర స్వరూపం

రోమన్ అక్షరాల గీతల కొసల్లో ఉండే చిన్న అడ్డగీతను సెరిఫ్ అంటారు. క్లారెండన్‌ను గుర్తుపట్టాలంటే ముందు చూడవలసింది సెరిఫ్‌నే. సెరిఫ్ మందంగా, కొస తెగ్గోసినట్టు చదరంగా ఉంటుంది. ఇంతవరకు ఫిగ్గిన్స్ యాంటిక్‌తో పోలిక. తేడా అంతా ఆ సెరిఫ్ నిలువు గీతను కలిసే మూలలో ఉంది. యాంటిక్‌లో అక్కడ నిక్కచ్చి లంబకోణం. క్లారెండన్‌లో ఆ మూల ఒక చిన్న వంపుతో నిండి ఉంటుంది. నిలువు గీత కిందికి దిగుతూ మెల్లగా వెడల్పై సెరిఫ్‌లోకి జారుతుంది. మామూలు పుస్తకపు టైపుల్లో చాలావాటికి ఈ వంపు ఉంటుంది. ఆ ఒక్క పోలికతో క్లారెండన్ ఆ కుటుంబంలోకి చేరిపోయింది.

రెండోది గీతల లావు. నిలువు గీతలు అడ్డగీతల కంటే లావే, కానీ ఆ తేడా ఫ్యాట్ ఫేస్‌లో లాగా విపరీతం కాదు. సన్నగీత కూడా చిన్న సైజులో అచ్చుకు తట్టుకునేంత మందంగా ఉంటుంది. ఓ అక్షరం గుండ్రంలో లావు భాగాలు సరిగ్గా ఎడమా కుడీ ఉంటాయి, సన్నభాగాలు పైనా కిందా, ఏటవాలు ఉండదు.

మూడోది గుండ్రటి కొసలు. చిన్న ఎ, సి, ఎఫ్, ఆర్, వై అక్షరాల్లో గీత ముగిసేచోట ఒక గుండు ఉంటుంది. చిన్న జి రెండంతస్తులది, పైన చెవిలాంటి కొక్కెం, దాని చివరా గుండే. పెద్ద ఆర్ కాలు నేరుగా కిందికి దిగి, వరస దగ్గర కుడివైపు తిరిగి, కొస పైకి లేస్తుంది. ఈ ఆర్ ఒక్కటి కనిపిస్తే చాలు, అనుభవం ఉన్న కంపోజిటర్ టైపు పేరు చెప్పేయగలడు.

చిన్న అక్షరాల ఎత్తు ఎక్కువ, కిందికి దిగే తోకలు పొట్టి. అందువల్ల అదే పాయింటు సైజులో ఇతర టైపుల కంటే ఇది పెద్దదిగా కనిపిస్తుంది. ఇప్పుడు మనం ఎక్కువగా చూసే క్లారెండన్‌లు వెడల్పాటివి. 1845 నాటి మొదటిది అలా కాదు, ఒత్తుగా ఇరుకుగా ఉండేది. పుస్తకం వరసలో పక్క టైపు ఎంత చోటు తీసుకుంటుందో ఇదీ అంతే చోటులో కూర్చోవాలి కదా. లావు పెరిగినప్పుడు వెడల్పు పెరగకుండా చూసుకోవడం బోల్డ్ తయారీలో ఇప్పటికీ అన్నిటికంటే కష్టమైన పని. గీత లావయ్యేకొద్దీ అక్షరం లోపలి ఖాళీ తగ్గుతుంది. ఇ లోని చిన్న కన్ను, ఎ లోని కింది గది పూడిపోతే అక్షరం నల్లటి మరక అవుతుంది.

మూలలోని ఆ వంపుకు అచ్చు యంత్రం దగ్గర ఇంకో ప్రయోజనం ఉంది. సీసపు టైపు కాగితం మీద ఒత్తినప్పుడు సిరా అక్షరం అంచు దాటి కొద్దిగా పక్కకు పొంగుతుంది. నిక్కచ్చి మూలల్లో ఆ సిరా పోగుపడి బొట్టులా కనిపిస్తుంది. మూల ముందే వంపుగా ఉంటే ఆ పొంగు రూపాన్ని పెద్దగా చెరపదు. పైగా సన్నటి సెరిఫ్ వేలసార్లు ఒత్తిడికి విరిగిపోతుంది, మందమైనది నిలుస్తుంది. నాసి కాగితం మీద, అరిగిన టైపుతో, తొందరలో వేసిన అచ్చులో కూడా క్లారెండన్ చదవగలిగేలా ఉండటానికి కారణాలు ఇవే.

నిఘంటువు పేజీ

ఈ టైపు తన పనిని పూర్తిగా చూపించేది నిఘంటువులోనే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మొదటి భాగం 1884లో జేమ్స్ మర్రీ సంపాదకత్వంలో వచ్చింది. అందులో ముఖ్యపదాలు లావుపాటి క్లారెండన్‌లో ఉంటాయి; ఆ సంగతిని మర్రీ తన వివరణలో పాఠకులకు పేరుపెట్టి చెప్పాడు కూడా. ఆ పేజీ ఒక్కసారి చూడండి. మూడు నిలువు వరసలు, చీమల బారులా చిన్న అక్షరాలు. ఒక్కో పదానికి ఉచ్చారణ, వ్యుత్పత్తి, అర్థాల విభజన, శతాబ్దాల వారీ ఉదాహరణలు. ఉదాహరణలు ఇంకా చిన్న సైజు, వ్యుత్పత్తిలో పరభాషా పదాలు వాలు అక్షరాల్లో. ఇన్ని పొరల మధ్య కన్ను దారి తప్పకుండా ఎడమ అంచున క్లారెండన్ పదాలు మెట్ల మాదిరిగా నిలబడతాయి. కన్ను వాటిని మాత్రమే తొక్కుకుంటూ కిందికి దిగుతుంది, కావలసిన పదం దగ్గర ఆగుతుంది, అప్పుడు చదవడం మొదలవుతుంది.

ఇక్కడ బోల్డ్ గట్టిగా అరవడం లేదు. పేజీలో ఏది పేరు, ఏది దాని వివరణ అని రెండు స్థాయిలు ఏర్పరుస్తోంది. ఆ నిఘంటువు 1928లో పూర్తయ్యేసరికి, పదం లావుగా, అర్థం మామూలుగా అన్నది ప్రపంచమంతటా నిఘంటువుల ఆనవాయితీ అయిపోయింది. మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులూ, తెలుగు-తెలుగు నిఘంటువులూ ఆ పద్ధతిలోనే ఉన్నాయి.

అమెరికా రైలు కంపెనీల వేళల పట్టికల్లో ఇదే సూత్రం మరో రూపంలో కనిపిస్తుంది. మధ్యాహ్నానికి ముందు వేళలు మామూలు అంకెల్లో, తర్వాతవి లావు అంకెల్లో అచ్చువేసేవారు. ఒక్కో అంకె పక్కన మళ్లీ మళ్లీ గుర్తు వెయ్యనక్కర్లేకుండా, పొద్దునా సాయంత్రమా అన్నది అంకె నలుపే చెప్పేది. లావుకు ఒక కచ్చితమైన అర్థం అంటగట్టిన ఇంత పొదుపైన ఉదాహరణ ఇంకొకటి దొరకడం కష్టం.

చెక్క మీద

పోస్టరు సైజుల్లో సీసపు టైపు బరువెక్కువ, ఖరీదెక్కువ, పోతలో వంకర్లు పోతుంది. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో చెక్కను తొలిచే రూటరు యంత్రం వాడి పెద్ద అక్షరాలు చెయ్యడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చెక్క టైపు కేటలాగు వేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. ఒక నమూనా అంచు వెంట సూది తిప్పుతుంటే, కత్తి చెక్కలో అదే ఆకారాన్ని కావలసిన సైజులో కోస్తుంది. ఒకే నమూనా నుంచి వెడల్పువి, ఇరుకువి, లావువి ఎన్నయినా తీయవచ్చు. వాడింది గట్టి మేపుల్ చెక్క, అదీ చెట్టు మానును అడ్డంగా కోసిన ముఖం.

క్లారెండన్ రూపం ఈ పద్ధతికి అతికినట్టు సరిపోయింది. తిరిగే కత్తికి మూలల్లో వంపు సహజం. మందమైన సెరిఫ్ చెక్కలో విరగదు. ఫ్రెంచ్ క్లారెండన్ అనే పిల్ల రకం అక్కడే పెరిగింది. పేరులో ఫ్రెంచ్ ఉన్నా దాని విజయమంతా అమెరికాలోనే. అందులో పైనా కిందా సెరిఫ్‌లు నిలువు గీతల కంటే కూడా లావైపోయాయి, అక్షరాలు పొడుగ్గా సన్నగా అయ్యాయి. సర్కస్ ప్రకటనల్లో, నేరస్థుల కోసం అంటించే నోటీసుల్లో, మద్యం దుకాణాల బోర్డుల మీద అది ఎంతగా నిండిపోయిందంటే, సినిమా వాళ్లు కౌబాయ్ ఊరు చూపించాలనుకున్నప్పుడల్లా అదే తెచ్చి పెట్టుకున్నారు. తెలుగు ప్రేక్షకులకు కూడా ఆ అక్షరం పరిచయమే, పేరు తెలియకపోయినా. విస్కాన్సిన్ రాష్ట్రంలో టూ రివర్స్ అనే ఊళ్లో 1880లో మొదలైన హామిల్టన్ చెక్క టైపుల కర్మాగారం పోటీదారులందరినీ కొనేసింది. ఇప్పుడు అక్కడ చెక్క టైపు మ్యూజియం ఉంది.

నా దృష్టిలో ఫ్రెంచ్ క్లారెండన్ అందమైన అక్షరమే, కానీ అది అసలు క్లారెండన్ చెయ్యవలసిన పనికి పూర్తిగా ఎదురు దిక్కున నడిచింది. దానికి పక్కవాళ్లు అక్కర్లేదు.

దినపత్రికలు

1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో మొదలైన లైనోటైపు యంత్రం బోల్డ్‌కు కొత్త షరతు పెట్టింది. అక్షరాన్ని పోతపోయడానికి ఆ యంత్రం వాడే ఇత్తడి అచ్చు (మ్యాట్రిక్స్) మీద రెండు అక్షరాలు ఉండటం మామూలైంది: ఒకటి మామూలుది, రెండోది వాలుదో బోల్డ్‌దో. ఇత్తడి ముక్క ఒకటే కాబట్టి రెండూ ఒకే వెడల్పులో ఇమడాలి. ఇరుకు చోటులో నల్లగా నిలబడటం ఎలాగో క్లారెండన్ జాతికి అప్పటికే అలవాటు. చిన్న ప్రకటనల మొదటి మాట, వార్తలో ఉపశీర్షిక, క్రీడల పట్టికలో జట్టు పేరు, ఇలాంటివన్నీ దశాబ్దాలపాటు ఈ ఏర్పాటులోనే సాగాయి.

ఇంతకంటే లోతైన ప్రభావం వార్త చదివే టైపు మీదే పడింది. రోటరీ యంత్రాలు వేగం పెంచుకున్నకొద్దీ, పేజీని అట్టలో ఒత్తి మళ్లీ పలకగా పోతపోసే పద్ధతిలో సన్న గీతలు దెబ్బతినేవి, అక్షరాల కళ్లు సిరాతో పూడిపోయేవి. లైనోటైపు సంస్థలో చాన్సీ గ్రిఫిత్ 1920ల మధ్యలో అయానిక్ నంబర్ 5 తయారుచేయించాడు. పంతొమ్మిదో శతాబ్దపు అయానిక్, క్లారెండన్‌ల ఎముకలు తీసుకుని, కండ తగ్గించి చేసిన టైపు అది: సన్నగీతలు గట్టివి, కళ్లు విశాలం, చిన్న అక్షరాలు ఎత్తు. 1931లో ఎక్సెల్సియర్ దాని వెనకే వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లీషు దినపత్రిక చదివినవారు ఎక్కువమంది, తెలియకుండానే, క్లారెండన్ మనవల్ని చదివారు.

1950లలో తిరిగి రాక

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డిజైనర్లు పాత అక్షరాల్లోని వెచ్చదనం కోసం వెతికారు. స్విట్జర్లాండ్‌లోని హాస్ ఫౌండ్రీకి హెర్మన్ ఐడెన్‌బెంజ్ 1953లో క్లారెండన్‌ను మళ్లీ గీశాడు. నాలుగేళ్ల తర్వాత, తరువాతి కాలంలో హెల్వెటికా అయిన టైపును విడుదల చేసిందీ ఆ ఫౌండ్రీయే. అమెరికన్ టైప్ ఫౌండర్స్‌కు ఫ్రీమన్ క్రా 1955లో క్రా క్లారెండన్ ఇచ్చాడు. అదే దశకంలో జర్మనీలో బావర్ ఫౌండ్రీ ఫార్చూన్, ఇటలీలో నెబియోలో ఫౌండ్రీకి ఆల్డో నోవరేజే గీసిన ఎజీజియో వచ్చాయి. స్టీఫెన్సన్ బ్లేక్ తన దగ్గర మూలుగుతున్న పాత క్లారెండన్‌ను కాన్సర్ట్ పేరుతో మళ్లీ అమ్మింది.

ఐడెన్‌బెంజ్ రూపమే ఇవాళ చాలామందికి క్లారెండన్ అంటే గుర్తొచ్చేది. వెడల్పుగా, తీరుగా, వంపులన్నీ నున్నగా ఉంటుంది. విక్టోరియా కాలపు మోటుతనం పోయింది. అతను లావుది ఒక్కటే కాక తేలిక బరువు కూడా గీయడంతో, ఎవరో ఒకరి పక్కన నిలబడవలసిన బోల్డ్ ఇప్పుడు సొంత కుటుంబం ఉన్న టైపు అయింది.

బోర్డులు, గుర్తులు

అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ తన పార్కుల్లో గోధుమరంగు బోర్డుల మీద తెల్లటి క్లారెండన్ అక్షరాలు దశాబ్దాలపాటు వాడింది. చెక్కలో తొలిచినా, రంగు వేసినా ఆకారం చెడని అక్షరం కావడం ఆ ఎంపికను నిలబెట్టింది. 2000 తర్వాత దాని స్థానంలో జేమ్స్ మోంటల్‌బానో గీసిన రాలిన్‌సన్ టైపు వచ్చింది. అది సన్నని సెరిఫ్ టైపు. పొడవైన పేరు తక్కువ చోటులో పడుతుంది, రాత్రి వాహనపు దీపాల వెలుగులో అక్షరాలు ఉబ్బి ఒకదానిలోకి ఒకటి కలవవు. రోడ్డు మీద వేగంగా పోయేవారికి ఆ మార్పు అవసరమే. నడిచి వెళ్లేవారు ఆగి చదివే బోర్డుకు మాత్రం క్లారెండన్‌కు మించినది లేదని నమ్మే డిజైనర్లు ఇంకా ఉన్నారు, వాళ్లతో నేనూ ఏకీభవిస్తాను.

సోనీ లోగోలోని నాలుగు అక్షరాలు ఈ జాతి పోలికలున్నవే: మందమైన సెరిఫ్‌లు, వెడల్పాటి అక్షరాలు, నిలకడగా కూర్చున్న తీరు.

వాడేవారు గమనించవలసినవి

శీర్షికకు, పుస్తకం అట్టకు, సీసా లేబులుకు, పట్టికలో మొదటి నిలువు వరసకు, పాఠంలో పారిభాషిక పదానికి క్లారెండన్ బాగుంటుంది. పేరాలకు పేరాలు అందులో పేర్చడం మంచిది కాదు. నలుపు సమంగా పరుచుకుని కన్ను అలిసిపోతుంది, పైగా ఏ మాటా పైకి తేలదు. ఒకే పేజీలో పదిచోట్ల బోల్డ్ పెడితే పదకొండోదానికి విలువ ఉండదు. పాఠ్యపుస్తకాల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది: సగం వాక్యాలు లావుగా ఉంటాయి, పిల్లవాడికి ఏది ముఖ్యమో తెలియదు.

పెద్ద అక్షరాలు మాత్రమే వాడినప్పుడు వాటి మధ్య కొంచెం ఎడం ఇవ్వాలి, లేకపోతే సెరిఫ్‌లు ఒకదానికొకటి తగులుకుంటాయి. చిన్న అక్షరాల్లో ఆ అవసరం తక్కువ. చాలా సన్నని గీతలున్న టైపు పక్కన, ఉదాహరణకు బోడోని పక్కన, క్లారెండన్ మోటుగా కనిపిస్తుంది. అడ్డగీతల్లో కొంత మందం ఉన్న పుస్తకపు టైపు పక్కన ఇమిడిపోతుంది.

చాలాకాలం దీనికి ఉన్న పెద్ద లోటు వాలు అక్షరం లేకపోవడం. బోల్డ్ మాటలో పుస్తకం పేరు వస్తే ఏం చెయ్యాలో తెలిసేది కాదు. హోఫ్లర్ అండ్ ఫ్రెరె జోన్స్ సంస్థ 2009లో విడుదల చేసిన సెంటినెల్ ఆ లోటు తీర్చడానికే పుట్టింది. అందులో అన్ని బరువులకూ అసలైన వాలు అక్షరాలున్నాయి. అంతకుముందే 1987లో డేవిడ్ బెర్లో ఎజీజియో ఆధారంగా బెలీజియో చేశాడు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే బెస్లీ అన్న ఫాంటు పేరులోనే మూలపురుషుణ్ని పెట్టుకుంది.

తెలుగు అచ్చులో బోల్డ్

తెలుగు అక్షరానికి రోమన్ తరహా సెరిఫ్ లేదు, కానీ లావు పెంచినప్పుడు లోపలి ఖాళీ పూడిపోవడం అనే చిక్కు ఇక్కడ ఇంకా ఎక్కువ. స్త్రీ అన్న ఒక్క అక్షరం తీసుకుందాం. సకారం, దాని కింద తవత్తు, రవత్తు, పైన గుడిదీర్ఘం. నాలుగు భాగాలు ఒకే నిలువులో ఇమడాలి. ప్రతి గీతా లావైతే ఒత్తుల మధ్య తెల్లటి సందు పోతుంది, గుడిదీర్ఘపు సుడి మూసుకుపోతుంది. థకారంలోని చుక్క నల్లటి ముద్దలో కలిస్తే అది ధకారంలా కనిపిస్తుంది, అర్థమే మారిపోతుంది. సీసపు టైపు రోజుల్లో ఇంకో భారం: ఇంగ్లీషుకు వంద లోపు ముక్కలతో సరిపెట్టుకోగలిగితే, గుణింతాలతో ఒత్తులతో తెలుగు టైపుకు కొన్ని వందలు కావాలి. బోల్డ్ అంటే ఆ వందలన్నీ మళ్లీ చెక్కడం. శీర్షికకు పెద్ద సైజు టైపు వేసి సరిపెట్టడం ఎందుకు సులువుగా తోచేదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు సీసం పోయింది కానీ చిక్కు వేరే రూపంలో ఉంది. రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు శీర్షికల కోసం ఒకే బరువులో వచ్చాయి, ఆ పనికి అవి బాగుంటాయి. అయితే ఒకే బరువున్న ఫాంటులో బోల్డ్ బొత్తాం నొక్కితే, అసలు బోల్డ్ లేదు కాబట్టి, సాఫ్ట్‌వేర్ అక్షరం అంచును అన్ని వైపులా యాంత్రికంగా ఉబ్బిస్తుంది. ఫాక్స్ చెక్కిన క్లారెండన్‌లో ఎక్కడ లావు పెంచాలి, ఎక్కడ ఆపాలి అని ఒక మనిషి చెయ్యి తీసుకున్న నిర్ణయాలేవీ అందులో ఉండవు. ముందు పోయేది ఒత్తుల మధ్య సందే. ఇందుకు భిన్నంగా నోటో సెరిఫ్ తెలుగులో అతి సన్నం నుంచి అతి లావు దాకా తొమ్మిది బరువులు విడివిడిగా ఉన్నాయి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పేర్చేవారు ఇంగ్లీషు పదానికి క్లారెండన్ జాతి బోల్డ్‌ను, తెలుగు అర్థానికి ఇలాంటి కుటుంబంలోని బోల్డ్‌ను తీసుకోవచ్చు. కానీ రెండు ఫాంట్లలోనూ బోల్డ్‌ను సూచించే బరువు అంకె 700 అని రాసి ఉన్నంత మాత్రాన రెండు లిపుల నలుపు ఒకటి కాదు. అసలు సైజులో కాగితం మీద అచ్చుతీసి, పేజీని చేతిపొడుగు దూరంలో పెట్టి చూసి, తెలుగు వైపు ఒక మెట్టు తగ్గించాలో పెంచాలో అప్పుడు తేల్చుకోవాలి.